సీ డ్రైవ్‌ని ఎవరు తినేశారో చెప్పే విజ్‌ట్రీ

విజ్‌ట్రీ అనే ప్రోగ్రాము గురించి ముందే చెప్పేస్తున్నాను, ఇది ల్యాప్‌టాప్‌ని శుభ్రం చెయ్యదు. "ఒక్క క్లిక్‌తో 20 జీబీ ఖాళీ" అని ఊరించే పచ్చ బటన్ ఇందులో ఎంత వెతికినా దొరకదు. ఏ ఫోల్డర్ ఎంత చోటు ఆక్రమించిందో చూపించేసి, తీసేస్తావో ఉంచుకుంటావో నీ ఇష్టం అని పక్కకి తప్పుకుంటుంది. నాకు నచ్చింది అదే. కొంతమందికి నచ్చనిది కూడా అదే అవుతుంది, ఆ సంగతి తర్వాత చెప్తాను.

నేను చేసేది గొంతు పని. చూపు లేనివాళ్లు వినడానికి పుస్తకాలు చదివి రికార్డు చేస్తాను. చదవడం, తప్పులు కొయ్యడం, ఊపిరి చప్పుళ్లు తగ్గించడం, చివరికి అధ్యాయాల వారీగా ఫైళ్లు చేసి పంపడం, అన్నీ ఒక్క ల్యాప్‌టాప్ మీదే. విండోస్ 11, 16 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ. ఈ 256 కూడా పేరుకే. డిస్కు తయారీదారు వెయ్యి లెక్కన గుణిస్తాడు, విండోస్ 1024 లెక్కన భాగిస్తుంది, కంటికి కనిపించేది 238 జీబీ. ఎవరూ ఏమీ దాచుకోలేదు, కొలబద్దలే వేరు. అందులో విండోస్, ప్రోగ్రాములు పోను మనకి మిగిలేదాంట్లోనే పుస్తకాలన్నీ సర్దుకోవాలి.

డ్రైవ్‌లో ఖాళీ పది శాతం లోపలికి వచ్చిందంటే ఎక్స్‌ప్లోరర్‌లో ఆ నీలం పట్టీ ఎర్రగా మారుతుంది. నా పట్టీ ఎర్రబడి చాలాకాలమైంది. ఎరుపు చూసీ చూసీ అలవాటైపోయింది కూడా. కానీ విండోస్ పెద్ద అప్‌డేట్ "చోటు చాలదు" అని మధ్యలో ఆగిపోవడం మొదలయ్యాక, పొడవాటి అధ్యాయం రికార్డు చేస్తూ ఒక కన్ను పేజీ మీద, ఒక కన్ను ఖాళీ అంకె మీద పెట్టి చదవాల్సి వచ్చాక, ఇక ఊరుకుంటే లాభం లేదని తేలిపోయింది. పైగా ఎస్‌ఎస్‌డీ అంచులదాకా నిండితే రాయడం నెమ్మదిస్తుంది. కొత్త డేటా పెట్టడానికి ఖాళీ బ్లాకులు దొరక్క, లోపల ఉన్నదాన్ని అటూ ఇటూ జరిపి చోటు చేసుకోవాల్సి వస్తుంది దానికి.

మొదట విండోస్‌లోనే ఉన్నది వాడాను. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్. 2017లో స్టోరేజ్ సెన్స్ వచ్చిన దగ్గర్నుంచి ఈ పేజీ బాగానే పెరిగింది. టెంపరరీ ఫైల్స్ అనే చోట విండోస్ అప్‌డేట్ మిగుళ్లు, డెలివరీ ఆప్టిమైజేషన్ ఫైళ్లు, రీసైకిల్ బిన్, థంబ్‌నెయిల్స్ వరసగా ఉంటాయి. టిక్కు పెట్టుకుని తీసేసుకోవచ్చు. విండోస్ వెర్షన్ మారాక మిగిలిపోయే పాత విండోస్ ఫోల్డర్ కూడా అక్కడే ఉంటుంది. దాన్ని పది రోజుల తర్వాత విండోస్ తనే తీసేస్తుంది గానీ, తొందరగా ఉంటే మనమే తీసెయ్యొచ్చు. ఇదంతా భయం లేకుండా చేసుకోగలిగిన పని. ఎవరైనా మొదలుపెట్టాల్సింది అక్కడే, అందులో వాదన లేదు.

ఒక్క జాగ్రత్త మాత్రం. ఆ జాబితాలోనే డౌన్‌లోడ్స్ ఫోల్డర్ కూడా కూర్చుని ఉంటుంది. అన్నిటికీ వరసగా టిక్కులు కొట్టుకుంటూ పోయేవాళ్లకి అది గొయ్యి. 2018 అక్టోబర్ అప్‌డేట్‌లో పాత డిస్క్ క్లీనప్ జాబితాలోకి కూడా డౌన్‌లోడ్స్‌ని ఎక్కించారు, జనం గగ్గోలు పెట్టాక 2020 మే అప్‌డేట్‌లో అక్కణ్నుంచి దించేశారు. కొత్త స్టోరేజ్ పేజీలో మాత్రం అది అలాగే ఉంది.

ఈ పేజీతో నాకొచ్చిన చిక్కు వేరు. కొన్ని జీబీలు వెనక్కొచ్చాయి, నిజమే. మిగతా చోటంతా ఏమైంది అని అడిగితే అది "యాప్స్", "డాక్యుమెంట్స్", "అదర్" అని పెద్ద పెద్ద పద్దులు చూపించింది. అదర్ అంటే ఏమిటో నొక్కి చూస్తే కొన్ని ఫోల్డర్ల పేర్లు, వాటి పక్కన అంకెలు. లోపలికి వెళ్తే ఎక్స్‌ప్లోరర్ తెరుచుకుంటుంది, ఎక్స్‌ప్లోరర్ ఫోల్డర్ల సైజు చూపించదు. ఒక్కోదాని మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, లెక్కపెట్టేదాకా ఎదురుచూపు, మళ్లీ వెనక్కి. యాప్‌డేటా లాంటి దాచిన ఫోల్డర్లయితే ముందు కనిపించనే కనిపించవు. అసలు దొంగలుండేది అక్కడే.

ఇక్కడ విజ్‌ట్రీ పని మొదలవుతుంది. యాంటీబాడీ సాఫ్ట్‌వేర్ అనే చిన్న సంస్థది. సొంత వాడకానికి ఉచితం, ఆఫీసులో వాడాలంటే లైసెన్స్ కొనాలి. తెరవగానే అడ్మినిస్ట్రేటర్ అనుమతి అడుగుతుంది. ఎవడో తెలియనివాడికి తాళాలిస్తున్నామా అని ఒక్క క్షణం చెయ్యి ఆగుతుంది, ఆగాలి కూడా. కానీ ఆ అనుమతిలోనే దీని వేగమంతా ఉంది.

విండోస్ డిస్కు మీద వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ప్రతి ఫైలుకీ ఒక పట్టికలో ఒక చీటీ ఉంటుంది. పేరు, సైజు, తేదీ, డిస్కు మీద ఎక్కడుందో, అన్నీ ఆ చీటీలో. పట్టిక పేరు మాస్టర్ ఫైల్ టేబుల్, పొట్టిగా ఎంఎఫ్‌టీ. ఒక్కో చీటీ మామూలుగా ఒక కేబీ. మామూలు ప్రోగ్రాములు సైజులు లెక్కెయ్యాలంటే ఒక్కో ఫోల్డర్ తలుపూ తట్టి లోపల ఏముందని విండోస్‌ని అడుగుతూ పోతాయి. విజ్‌ట్రీ తలుపులు తట్టదు. నేరుగా పట్టిక తెచ్చుకుని చదివేస్తుంది. డిస్కులో నాలుగు లక్షల ఫైళ్లున్నాయనుకోండి, పట్టిక సుమారు 400 ఎంబీ. ఎస్‌ఎస్‌డీకి 400 ఎంబీ చదవడం ఎంతసేపు? నేను స్కాన్ బటన్ నొక్కి కుర్చీ ముందుకి జరుపుకునేలోపు పని అయిపోయింది. నిజంగా అయిందా, లేక ఏదైనా పొరపాటా అని మళ్లీ నొక్కాను. మళ్లీ అంతే.

అనుమతి ఇవ్వకపోయినా నడుస్తుంది, కానీ అప్పుడు అందరిలాగే తలుపులు తట్టుకుంటూ వెళ్తుంది, మన ఖాతాకి అందని ఫోల్డర్లని చూడలేదు. పెన్‌డ్రైవ్‌లు, మెమరీ కార్డులు ఎక్కువగా ఎన్‌టీఎఫ్‌ఎస్ కాదు కాబట్టి వాటి మీదా, నెట్‌వర్క్ డ్రైవ్‌ల మీదా ఈ జోరు ఉండదు.

తెర మీద పైన ఫోల్డర్ల చెట్టు. పెద్దది పైన, చిన్నది కింద, ఒక్కోదాని పక్కన అది మొత్తంలో ఎంత శాతమో పట్టీ. కుడివైపు ఫైళ్ల రకాల లెక్క: వేవ్ ఫైళ్లు ఇంత, వీడియోలు ఇంత, జిప్‌లు ఇంత. కింద సగం తెర నిండా రంగు రంగుల గడులు. ఒక్కో గడి ఒక్కో ఫైలు, గడి ఎంత పెద్దదైతే ఫైలు అంత పెద్దది. మౌస్ పెడితే పేరు, సైజు చెప్తుంది. నొక్కితే పైన చెట్టులో అదెక్కడుందో చూపిస్తుంది.

ఈ గడుల బొమ్మకి ట్రీమ్యాప్ అని పేరు. దీని పుట్టుక వింటే నాకు నవ్వొచ్చింది. 1990లో అమెరికాలో మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో బెన్ ష్నైడర్‌మన్ అనే ఆచార్యుడి ల్యాబ్‌లో 80 ఎంబీ హార్డ్‌డిస్కు ఒకటుండేది. ఎంబీయే, జీబీ కాదు. పద్నాలుగు మంది కలిసి వాడేవారు. అది నిండిపోయింది. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు, ఎవరి ఫైళ్లు ఎంత ఆక్రమించాయో తేలదు. ఆ చిరాకులోంచే ఆయన ఈ బొమ్మ కనిపెట్టాడు. తర్వాత 1999లో నెదర్లాండ్స్‌కి చెందిన వాన్ వైక్, వాన్ డె వెటరింగ్ అనే ఇద్దరు పరిశోధకులు గడులకి దిండ్లలా ఉబ్బెత్తు నీడలు అద్దే పద్ధతి చెప్పారు. ఏ గడి ఏ ఫోల్డర్ లోపలిదో కన్ను పట్టుకోవడానికి ఆ నీడలే ఆధారం. ఇప్పుడు షేర్ మార్కెట్ వార్తల్లో కంపెనీలని ఆకుపచ్చ, ఎరుపు గడుల్లో చూపిస్తారు చూడండి, అది కూడా ఈ బొమ్మే. అన్నిటికీ మూలం నిండిపోయిన ఒక డిస్కు.

సరే, నా బొమ్మలో ఏం కనిపించాయంటే, అన్నిటికన్నా పెద్ద గడులు నావే. నేను రికార్డింగుకీ ఎడిటింగుకీ వాడే ఆడాసిటీ అనే ప్రోగ్రాము ప్రాజెక్టు ఫైళ్లు. ఇది ఊహించిందే కానీ, అవి ఉన్న సైజు ఊహించలేదు. ఆడాసిటీ 2021 మార్చిలో 3.0 వెర్షన్ నుంచి ప్రాజెక్టు మొత్తాన్ని ఏయూపీ3 అనే ఒకే ఫైల్లో పెడుతుంది. లోపల ధ్వనిని 32 బిట్ ఫ్లోట్‌లో దాచుకుంటుంది. సెకనుకి 44,100 శాంపిళ్లు, అంటే ధ్వని కొలతలు, ఒక్కోటీ నాలుగు బైట్లు, మోనోలో గంటకి 635 ఎంబీ. నేను బయటికి పంపే 16 బిట్ వేవ్ దానిలో సగం, 318 ఎంబీ. ఇంతవరకు లెక్క సరిపోయింది. కానీ గంట సేపు కూడా లేని ఒక అధ్యాయం ప్రాజెక్టు 1.9 జీబీ చూపిస్తోంది. గంట కన్నా తక్కువ ధ్వని మూడింతలు ఎందుకు తింటోంది?

ఆ ప్రాజెక్టు తెరిచి చూస్తే బయటపడింది. 2021 అక్టోబర్‌లో వచ్చిన 3.1 నుంచి ఆడాసిటీలో క్లిప్ అంచు పట్టుకుని లోపలికి లాగి కత్తిరిస్తే, కత్తిరించిన ముక్క పోదు. మడత కింద దాక్కుంటుంది. అంచు మళ్లీ బయటికి లాగితే తిరిగొస్తుంది. ఎడిటింగులో వరమే అది. కానీ నా పద్ధతేమిటంటే, వాక్యం తడబడితే ఆపకుండా మళ్లీ చదువుతాను, తర్వాత అంచులు లాగి చెడ్డ చదువుల్ని మూసేస్తాను. అంటే నా తడబాట్లన్నీ, దగ్గులన్నీ, పక్కింటి కుక్క మొరిగినప్పుడల్లా ఆగి నేను తిట్టుకున్న మాటలతో సహా, ఆ ఫైళ్లలో భద్రంగా ఉన్నాయి. ఎడిటింగ్ పూర్తయిన అధ్యాయాలకి ట్రాక్స్ మెనూలో మిక్స్ అండ్ రెండర్ కొట్టి, సేవ్ చేసి, మూసేస్తే దాచిన ముక్కలు పోయి ఫైలు అసలు సైజుకి దిగింది. పని పూర్తయి పంపేసిన పుస్తకాలకైతే ప్రాజెక్టే అక్కర్లేదు. ఫ్లాక్‌గా మార్చి బయటి డిస్కు మీద పెట్టేశాను. ఫ్లాక్ అంటే ధ్వనిలో ఒక్క చుక్క కూడా పోకుండా కుదించే పద్ధతి. నా చదువు ఫైళ్లు వేవ్‌లో ఉన్నదాంట్లో ఇంచుమించు సగానికి వస్తాయి, వాక్యాల మధ్య నిశ్శబ్దం ఎక్కువుంటే ఇంకా తగ్గుతాయి.

ఈ పని విజ్‌ట్రీ చేసింది కాదు, నేనూ ఆడాసిటీ చేసుకున్నది. కానీ ఏ క్లీనర్ ప్రోగ్రామూ నాకు ఈ సంగతి చెప్పి ఉండేది కాదు. క్లీనర్ దృష్టిలో ఏయూపీ3 అంటే యజమాని సొంత ఫైలు, ముట్టుకోకూడదు. నా చోటు తిన్నవాళ్లలో పెద్దవాడు క్లీనర్లు ముట్టుకోని చోటే ఉన్నాడు.

రెండో సంగతి దగ్గర విజ్‌ట్రీలోని రెండు ట్యాబులకీ తేడా తెలిసింది. ఫైల్ వ్యూ అనే ట్యాబ్ డిస్కులోని అతిపెద్ద ఫైళ్లని వరసగా చూపిస్తుంది. చాలామంది అది చూసి ఆగిపోతారు. పైన ఉన్న ఫిల్టర్ పెట్టెలో నక్షత్రం గుర్తు, చుక్క, ఫైలు రకం కొడితే ఆ రకం ఫైళ్లన్నీ ఎక్కడున్నా ఒక్కచోటికి వస్తాయి, చెల్లాచెదురైన వేవ్ ఫైళ్లు పట్టుకోవడానికి అది బంగారం. కానీ చిన్న ఫైళ్ల గుంపు అందులో దొరకదు. ట్రీ వ్యూకి వచ్చి యూజర్ ఫోల్డర్ విప్పుకుంటూ వెళ్తే మొబైల్‌సింక్ అనే పేరు కింద చాలా పెద్ద అంకె కనిపించింది. లోపల వేలకి వేలు ఫైళ్లు, ఒక్కోదానికి నలభై అక్షరాల అర్థం లేని పేరు, ఒక్కోటీ చిన్నదే. పాత ఐఫోన్ బ్యాకప్. ఆ ఫోను ఇప్పుడు ఇంట్లోనే లేదు. ఇలాంటివాటిని ఫైలు ఫైలుగా తుడవకూడదు, బ్యాకప్ తీసిన ప్రోగ్రాములోకే వెళ్లి డివైజెస్ దగ్గర డిలీట్ కొట్టాలి. టెలిగ్రామ్ క్యాష్, అంటే మళ్లీ తొందరగా చూపించడానికి అది డిస్కు మీద దాచుకునే ఫైళ్లు, కూడా ఇదే తీరు, చిన్న చిన్న ముక్కలుగా చాప కింద నీరులా పెరుగుతుంది. దాని సెట్టింగ్స్‌లోనే క్యాష్‌కి హద్దు పెట్టుకోవచ్చు.

ఇక సీ డ్రైవ్ మొదట్లోనే, ఏ ఫోల్డర్‌లోనూ లేకుండా కూర్చున్న పెద్దమనుషులు కొందరుంటారు. హైబర్‌ఫిల్ అనే సిస్టమ్ ఫైలు అందులో ఒకటి. ల్యాప్‌టాప్‌ని హైబర్నేట్ చేసినప్పుడు ర్యామ్‌లో ఉన్నదంతా రాసుకోవడానికి విండోస్ ముందే పట్టి ఉంచే చోటు. మామూలుగా ర్యామ్‌లో 40 శాతం, అంటే నా 16 జీబీకి సుమారు 6.4. దీన్ని డిలీట్ కొట్టి తీసెయ్యడం కుదరదు, కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి పవర్‌సీఎఫ్‌జీ కమాండ్‌తో హైబర్నేషన్ ఆపాలి. ఆపితే ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆగిపోతుంది, మిషన్ మొదలవడం కాస్త నెమ్మదిస్తుంది. ఫాస్ట్ స్టార్టప్ కావాలి, హైబర్నేట్ మాత్రం వద్దు అనుకుంటే ఆ ఫైలుని రెడ్యూస్డ్ రకానికి మార్చుకోవచ్చు, అప్పుడది ర్యామ్‌లో 20 శాతానికి దిగుతుంది. నేను అదే చేశాను. దాని పక్కనే ఉన్న పేజ్‌ఫైల్ జోలికి మాత్రం వెళ్లలేదు. ర్యామ్ చాలనప్పుడు విండోస్ ఆధారపడేది దాని మీదే, నాలుగు జీబీల కోసం దాంతో పేచీ ఎందుకు?

ఇప్పుడు మొదట్లో దాటేసిన సంగతికి వస్తాను. విజ్‌ట్రీ ఏది ఎంతో చెప్తుంది, ఏది ముట్టుకోవచ్చో చెప్పదు. విండోస్ ఫోల్డర్ విప్పితే విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ అనే ఫోల్డర్ పెద్ద అంకెతో నిలబడి ఉంటుంది. కొత్తవాళ్ల చెయ్యి మొదట దాని మీదికే పోతుంది. అది విండోస్ సొంత విడిభాగాల గిడ్డంగి. అందులోని ఫైళ్లు చాలావరకు హార్డ్‌లింకులు, అంటే ఒకే డేటాకి రెండు మూడు చోట్ల పేర్లు. అందుకే ఎక్స్‌ప్లోరర్‌లో ప్రాపర్టీస్ కొడితే అసలు కన్నా ఎక్కువ సైజు చూపిస్తుంది. చేత్తో తుడిస్తే విండోస్ మంచాన పడుతుంది. దాన్ని తగ్గించాలంటే డిజమ్ అనే కమాండ్‌లో కాంపొనెంట్ క్లీనప్ నడపాలి, లేదా స్టోరేజ్ పేజీలో విండోస్ అప్‌డేట్ క్లీనప్‌కి టిక్కు పెట్టాలి. విండోస్ ఫోల్డర్‌లోనే ఇన్‌స్టాలర్ అనే ఇంకో దాచిన ఫోల్డర్ ఉంటుంది, అదీ అంతే. చూడ్డానికి పాత సెటప్ ఫైళ్ల కుప్పలా ఉంటుంది గానీ, ప్రోగ్రాములు రిపేర్ చెయ్యాలన్నా తీసెయ్యాలన్నా అప్‌డేట్ చెయ్యాలన్నా అవి ఉండాలి.

ఇలాంటి నాలుగైదు చోట్ల "ఇది విండోస్‌ది, వెళ్లొద్దు" అని ఒక పసుపు గుర్తు పెడితే వాళ్ల సొమ్మేం పోతుంది? ఇంత తెలివైన ప్రోగ్రాముకి ఆ మాత్రం తెలియక కాదు. చూపించడమే నా పని అన్న పట్టుదల దీనికి కాస్త ఎక్కువ. కంప్యూటర్ సంగతులు బొత్తిగా తెలియని మా అత్తయ్యకి మాత్రం దీన్ని సిఫారసు చెయ్యను, ఆవిడకి స్టోరేజ్ పేజీ చాలు. సొంతంగా వాడదలచుకున్నవాళ్లు యూజర్స్ అనే ఫోల్డర్ లోపలివరకే చేతులు పెట్టుకుంటే, విండోస్ వరకు ప్రమాదం ఉండదు.

వన్‌డ్రైవ్ వాడేవాళ్లు ఇంకోటి గమనించాలి. విజ్‌ట్రీలో సైజు అని ఒక నిలువు వరస, అలొకేటెడ్ అని ఇంకో నిలువు వరస ఉంటాయి. క్లౌడ్‌లో మాత్రమే ఉన్న ఫైలుకి సైజు 3 జీబీ చూపించినా అలొకేటెడ్ సున్నా ఉంటుంది, అంటే డిస్కు మీద అది లేనట్టే. చూడాల్సింది ఆ రెండో వరస. ఇక డిస్కు మీద ఉన్న వన్‌డ్రైవ్ ఫైలుని ఇక్కణ్నుంచి డిలీట్ కొడితే క్లౌడ్‌లోంచి కూడా పోతుంది. చోటు మాత్రమే కావాలంటే ఎక్స్‌ప్లోరర్‌లో రైట్ క్లిక్ చేసి ఫ్రీ అప్ స్పేస్ నొక్కాలి. రెండింటికీ హస్తిమశకాంతరం తేడా, విజ్‌ట్రీ దాని గురించి కిక్కురుమనదు.

రీసైకిల్ బిన్ సంగతి అందరికీ తెలిసిందే అనుకుంటాం గానీ, విజ్‌ట్రీలో అది కూడా ఒక ఫోల్డర్‌గా కనిపిస్తుంది. లోపల మనం తుడిచిన ఫైళ్లు డాలర్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే కొత్త పేర్లు పెట్టుకుని ఉంటాయి. బిన్ ఖాళీ చేసి, మళ్లీ స్కాన్ చేస్తేనే అంకె మారుతుంది.

దీనికి పోటీ అంటే విన్‌డిర్‌స్టాట్. 2003 నుంచి ఉంది, పూర్తిగా ఓపెన్ సోర్స్, ఆఫీసులో వాడినా ఎవరికీ ఏమీ కట్టక్కర్లేదు. స్కాన్ చేస్తున్నంతసేపూ చిన్న చిన్న ప్యాక్‌మ్యాన్ బొమ్మలు అటూ ఇటూ నోరు తెరుచుకుంటూ తిరుగుతుంటాయి, నాకు వాటి మీద ప్రేమ. పాత వెర్షన్‌లో ఆ ప్యాక్‌మ్యాన్‌లని మరీ ఎక్కువసేపు చూడాల్సి వచ్చేది. ఏళ్ల తరబడి కదలిక లేకుండా ఉండి 2024లో రెండో వెర్షన్ వచ్చాక వేగం చాలా పెరిగింది. కోడ్ అందరికీ కనిపించాలి అన్న పట్టింపు ఉన్నవాళ్లు అటే వెళ్లండి, అందులో లోటేమీ లేదు. నేను విజ్‌ట్రీ దగ్గర ఆగింది ఫైల్ వ్యూలోని ఆ ఫిల్టర్ పెట్టె కోసం.

క్లీనర్ల గురించి మాత్రం నాకు ఓర్పు తక్కువ. ల్యాప్‌టాప్‌తో పాటే వచ్చిన ఒకటి, పేరెందుకు, ప్రతి వారం ఎర్ర గంట మోగించి జీబీల కొద్దీ చెత్త ఉందని బెదిరించేది. చూస్తే అందులో ముప్పాతిక బ్రౌజర్ క్యాష్. తుడిచిన మర్నాటికల్లా మళ్లీ నిండుతుంది, మళ్లీ గంట. పైగా ఇలాంటి ప్రోగ్రాములకి లోతైన అనుమతులిస్తాం. 2017లో సీక్లీనర్ 5.33 వెర్షన్‌లోకి దాని తయారీదారులకే తెలియకుండా ఎవరో మాల్వేర్ చొప్పించారు, అధికారిక సంతకంతోనే అది సుమారు 22 లక్షల మిషన్లకి చేరింది. ఆ లెక్కన విజ్‌ట్రీకి అడ్మినిస్ట్రేటర్ అనుమతి ఇవ్వడం మాత్రం నమ్మకం కాదా అంటే, నమ్మకమే. అందుకే తయారీదారు సైటు నుంచే దించుకున్నాను, పని లేనప్పుడు అది మిషన్‌లో నడుస్తూ ఉండదు, నేను తెరిస్తేనే తెరుచుకుంటుంది. వారానికోసారి గంట మోగించదు.

చిన్న చిన్న విసుగులున్నాయి. అక్షరాలు చిన్నవి, నిలువు వరసలు అవసరానికి మించి ఉన్నాయి, మొదటిసారి చూస్తే జమాఖర్చుల పుస్తకం తెరిచినట్టు ఉంటుంది. సగం వరసలు నేను మూసేసుకున్నాను. ట్రీమ్యాప్ రంగులు ఫైలు రకాన్ని బట్టి వస్తాయి, రెండు మూడు రకాల రంగులు దగ్గర దగ్గరగా ఉండి తికమక పెడతాయి. విరాళం ఇమ్మని అడుగుతుంది, మర్యాదగానే అడుగుతుంది.

అన్నీ అయ్యాక నా సీ డ్రైవ్‌లో 96 జీబీ ఖాళీ తేలింది. సింహభాగం ఆడాసిటీ ప్రాజెక్టులది, తర్వాత ఫోను బ్యాకప్, ఆ తర్వాతే మిగతా చిల్లర. విండోస్ అప్‌డేట్ ఆగిన చోటునుంచి ముందుకి కదిలింది. ఇప్పుడు పుస్తకం ఒకటి పూర్తయినప్పుడల్లా విజ్‌ట్రీ తెరిచి ఏయూపీ3 అని ఫిల్టర్ కొట్టి చూస్తున్నాను.

మీ డిస్కు ఇప్పటికే అంచులదాకా నిండి ఉంటే ఇన్‌స్టాలర్ దించుకోకండి. సైట్‌లో పోర్టబుల్ వెర్షన్ విడిగా ఉంటుంది, జిప్ ఫైలు. దాన్ని వేరే కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్ మీద విప్పుకుని, మీ ల్యాప్‌టాప్‌కి గుచ్చి అక్కణ్నుంచే నడిపించండి. సీ డ్రైవ్‌లో ఏదీ ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు.